జీఆర్ఈ రీడింగ్ కాంప్రహెన్షన్‌కు సాధన సామగ్రిని ఎంచుకునే పద్ధతి

అమెరికా వంటి దేశాల్లో పీజీ చదువుల ప్రవేశానికి రాసే జీఆర్ఈ అనగానే మనవాళ్లకు ముందుగా గుర్తొచ్చేది పదాల జాబితా. 2011 ఆగస్టుకు ముందు ఆ పరీక్షలో వ్యతిరేక పదాలను, పదాల జంటల మధ్య పోలికలను నేరుగా అడిగేవారు కాబట్టి వేల మాటలను బట్టీ పట్టడానికి అప్పట్లో ఒక అర్థం ఉండేది. ఆ ప్రశ్నలను తీసేసి చాలా ఏళ్లు గడిచినా, అక్క చదివిన జాబితాను తమ్ముడు, సీనియర్ వదిలివెళ్లిన జాబితాను జూనియర్ అందుకుంటూ ఆ అలవాటు మాత్రం సాగుతూనే ఉంది. నేటి వెర్బల్ (ఇంగ్లీషు భాష) విభాగంలో దాదాపు సగం ప్రశ్నలు పాసేజీ చదివి జవాబివ్వవలసినవి. మాటల జాబితా విషయంలో నలుగురినీ అడిగి తెలుసుకునే విద్యార్థి, పాసేజీల దగ్గరికి వచ్చేసరికి చేతికి దొరికిన పుస్తకంతోనో, వాట్సాప్‌లో ఎవరో పంపిన పీడీఎఫ్‌తోనో సరిపెట్టుకుంటాడు.

నేనూ అలాగే సరిపెట్టుకున్నాను. ఒక సీనియర్ ఇచ్చిన లావుపాటి స్పైరల్ బైండింగ్ జిరాక్స్ పుస్తకం నుంచి నలభై పాసేజీలు చేశాను. పదింటికి ఎనిమిది ఒప్పు వస్తుంటే ఆ విభాగం వచ్చేసినట్టేననుకున్నాను. తర్వాత జీఆర్ఈని నిర్వహించే సంస్థ ఈటీఎస్ వారి అధికారిక నమూనా పరీక్ష రాస్తే అందులో సగం కూడా రాలేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూసినప్పుడు గానీ కారణం తెలియలేదు. జిరాక్స్ పుస్తకంలోని పాసేజీలు అధికారిక పాసేజీలకన్నా కష్టంగా, పొడుగ్గా ఉన్నాయి. ప్రశ్నలు మాత్రం పాసేజీలోని మాటను వెతికి ఆప్షన్‌లోని మాటతో జత కలిపితే తేలిపోయేవి. నెలన్నర పాటు నేను చదవడం నేర్చుకోలేదు, వెతకడం నేర్చుకున్నాను. అప్పటినుంచి ఏ సాధన పుస్తకం చేతికొచ్చినా పాసేజీల కష్టం చూడటం మానేసి, తప్పు ఆప్షన్లను ఎంత శ్రద్ధగా తయారు చేశారో చూస్తున్నాను. కింద చెప్పబోయే మెట్లన్నీ ఆ ఒక్క పరిశీలన మీద నిలబడినవే.

మొదటి మెట్టు: ఇప్పటి పరీక్ష రూపాన్ని కాగితం మీద రాసుకోండి

సామగ్రి కొనడానికి ముందు, అది దేనికి సరిపోవాలో స్పష్టంగా తెలిసి ఉండాలి. 2023 సెప్టెంబరు 22 నుంచి జీఆర్ఈ నిడివి 1 గంట 58 నిమిషాలకు తగ్గింది. వెర్బల్‌లో రెండు సెక్షన్లు ఉంటాయి. మొదటిదానిలో 18 నిమిషాల్లో 12 ప్రశ్నలు, రెండోదానిలో 23 నిమిషాల్లో 15 ప్రశ్నలు, మొత్తం 27. మొదటి సెక్షన్‌లో మీరు ఎలా చేశారన్నదాన్ని బట్టి రెండో సెక్షన్ కఠినత మారుతుంది. అంతకుముందు రెండు సెక్షన్లలోనూ 30 నిమిషాలకు 20 ప్రశ్నలు ఉండేవి. పుస్తకం అట్ట మీద ఏ సంవత్సరం వేసి ఉన్నా, లోపలి నమూనా పరీక్షలో 20 ప్రశ్నల వెర్బల్ సెక్షన్లు కనిపిస్తే అది పాత సరుకుకు కొత్త అట్ట వేసినదే. అలాంటి పుస్తకాన్ని పారేయనక్కరలేదు. పాసేజీలు పనికొస్తాయి, సమయ సాధన మాత్రం దానితో చేయకూడదు.

ఆ 27 ప్రశ్నల్లో ఖాళీలు పూరించే టెక్స్ట్ కంప్లీషన్, సెంటెన్స్ ఈక్వివలెన్స్ పోగా మిగిలినవి పాసేజీ ప్రశ్నలు. ఇవి మూడు రకాలు. ఐదు ఆప్షన్లలో ఒకటి ఎంచుకునేవి మొదటి రకం. మూడు ఆప్షన్లు ఇచ్చి వాటిలో సరైనవన్నీ గుర్తించమనేవి రెండో రకం. ఇందులో ఒకటే ఒప్పు కావచ్చు, మూడూ ఒప్పు కావచ్చు, ఒక్కటి తప్పినా మార్కు రాదు. పాసేజీలో ఒక వర్ణనకు సరిపోయే వాక్యాన్ని స్వయంగా ఎంచి చూపమనేవి మూడో రకం. ఈటీఎస్ చెప్పే ప్రకారం పాసేజీలలో అధికభాగం ఒక్క పేరావే, అనేక పేరాల పాసేజీలు ఒకటో రెండో మాత్రమే ఉంటాయి. భౌతిక, జీవ, సామాజిక శాస్త్రాల నుంచీ, వ్యాపారం, కళలు, సాహిత్యం, నిత్యజీవిత విషయాల నుంచీ వాటిని తీసుకుంటారు. ఈ వివరాలను ఒక చీటీ మీద రాసి దగ్గర పెట్టుకోండి. అంగడిలో పుస్తకం తిరగేసేటప్పుడు చూసుకోవలసిన కొలబద్ద అదే. మొత్తం అరవై పాసేజీల్లో యాభై పొడుగువే అయితే, లేదా మూడు ఆప్షన్ల రకం ప్రశ్న మచ్చుకైనా లేకపోతే, ఆ పుస్తకాన్ని తయారుచేసినవారు ఈ పరీక్షను దృష్టిలో పెట్టుకోలేదని నిశ్చయంగా చెప్పవచ్చు.

రెండో మెట్టు: అధికారిక ప్రశ్నలను ముందే ఖర్చు చేయకండి

ఈటీఎస్ సొంతంగా విడుదల చేసిన ప్రశ్నలకు మించిన సామగ్రి లేదన్న సంగతి అందరూ చెబుతారు, నేనూ చెబుతాను. పవర్‌ప్రెప్ పేరుతో రెండు పూర్తి నమూనా పరీక్షలు ఉచితంగా దొరుకుతాయి, డబ్బు చెల్లించి కొనుక్కునేవి మరికొన్ని ఉన్నాయి. వీటికి తోడు అధికారిక మార్గదర్శి పుస్తకం ఒకటి, వెర్బల్ ప్రశ్నలకే పరిమితమైన పుస్తకం ఒకటి ఉన్నాయి. వెర్బల్ పుస్తకంలో ఉన్నవి 150 ప్రశ్నలు, అందులోనూ పాసేజీ ప్రశ్నలు ఒక భాగం మాత్రమే. అన్నీ కలిపి చూసుకున్నా ఇది మూడు నెలల సాధనకు చాలే సరుకు కాదు. అందుకే చాలామంది మొదటి మూడు వారాల్లోనే ఈ మంచి ప్రశ్నలన్నీ ఊదేసి, చివరి రెండు నెలలూ నాసిరకం వాటితో గడుపుతారు. ఇంట్లో నెయ్యి కొంచెమే ఉంటే ఎలా వాడతామో వీటినీ అలాగే వాడాలి.

నేను సూచించే పద్ధతి ఇది. ఉచిత నమూనా పరీక్షల్లో మొదటిదాన్ని సాధన మొదలుపెట్టే ముందే, ఏ తయారీ లేకుండా, సమయం పెట్టుకుని పూర్తిగా రాయండి. మీరు ఎక్కడ ఉన్నారో అది చెబుతుంది. రెండోదాన్ని పరీక్షకు పది రోజుల ముందు వరకు తెరవకండి. మార్గదర్శి పుస్తకంలోని పాసేజీలను మధ్య వారాలకు పంచుకోండి. వెర్బల్ పుస్తకంలోనివి చివరి నెలకు దాచుకోండి. ఒక అధికారిక ప్రశ్న చేసిన ప్రతిసారీ దాని మీద పది నిమిషాలైనా గడపాలి. ఒప్పు వచ్చినా సరే, తక్కిన నాలుగు ఆప్షన్లు ఎందుకు తప్పో మీ మాటల్లో రాయాలి. ఇలా రాసిన నోటుపుస్తకం తర్వాతి మెట్టులో అక్కరకొస్తుంది. ఇతరుల ప్రశ్నలను తూచడానికి మీకు తెలిసిన నిజమైన తూనికరాయి అదొక్కటే.

మూడో మెట్టు: తప్పు ఆప్షన్లను పరీక్షించండి

ఈ మెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం. జీఆర్ఈ ధోరణిలో నేనే రాసిన ఒక చిన్న నమూనా పాసేజీని చూడండి. అసలు పరీక్ష ఇంగ్లీషులో ఉంటుందన్నది వేరే చెప్పనక్కరలేదు, ఇక్కడ మనం చూడవలసినది ఆప్షన్ల తయారీని.

“కాకతీయుల కాలపు చెరువులను రాజులే తవ్వించారన్న భావన చాలాకాలం చెలామణీలో ఉంది. అయితే ఆనాటి శాసనాలను పరిశీలించిన చరిత్రకారులు కొందరు, సామంతులు, సేనానులు, వర్తకులు కూడా చెరువులు తవ్వించినట్టు గుర్తించి, ఈ పనిలో రాజు పాత్ర అనుకున్నదానికన్నా తక్కువని వాదించారు. ఈ వాదనలో బలముంది. కానీ శాసనం వేయించడానికి ధనమూ పలుకుబడీ కావాలి. ఊరివాళ్లంతా కలిసి తవ్వుకున్న చిన్న కుంటకు శాసనం ఉండే అవకాశం తక్కువ. కాబట్టి శాసనాల లెక్కను చెరువుల లెక్కగా తీసుకోలేము.”

ప్రశ్న: చివరి రెండు వాక్యాలు పాసేజీలో ఏ పని చేస్తున్నాయి?

అ) శాసనాలు చరిత్ర రచనకు పనికిరావని నిరూపిస్తున్నాయి.
ఆ) చెరువుల తవ్వకంలో రాజు పాత్రే ప్రధానమన్న పాత భావనను తిరిగి సమర్థిస్తున్నాయి.
ఇ) ముందు చెప్పిన వాదన ఆధారపడిన సాక్ష్యానికి ఉన్న ఒక పరిమితిని చూపుతున్నాయి.
ఈ) చెరువుల వల్ల మెట్ట ప్రాంతాల్లో సాగు ఎలా పెరిగిందో వివరిస్తున్నాయి.
ఉ) చిన్న కుంటలు పెద్ద చెరువులకన్నా ఎక్కువ సంఖ్యలో ఉండేవని తేల్చి చెబుతున్నాయి.

జవాబు ‘ఇ’. అయితే మనకు కావలసింది మిగతా నాలుగు. ‘అ’ సరైన దారిలోనే మొదలై అతికి పోయింది. సాక్ష్యానికి పరిమితి ఉందన్న మాటను అది బొత్తిగా పనికిరాదన్న మాటగా మార్చింది. ‘ఈ’లో ఉన్నది మనకు బయట తెలిసిన నిజమే కావచ్చు, పాసేజీలో మాత్రం ఆ ఊసే లేదు. ‘ఉ’ పాసేజీలోని కుంట, చెరువు అన్న మాటలనే వాడుకుని, పాసేజీ చేయని లెక్కను చేసింది. ‘ఆ’ ఈ నాలుగింటిలోకీ తెలివైన ఉచ్చు. ‘కానీ’ అన్న మాట చూడగానే, రచయిత చరిత్రకారులను కాదని పాత భావన వైపు మొగ్గాడనుకునే పాఠకుడు అందులో పడతాడు. నిదానంగా ఆలోచిస్తే, లెక్కకు రాని కుంటలు ఊరివాళ్లవి కాబట్టి వాటిని కలుపుకుంటే రాజు వాటా ఇంకా తగ్గుతుంది గానీ పెరగదు. ఈ సంగతి పట్టుకున్నవారు ‘ఆ’ను క్షణంలో కొట్టేస్తారు. నాలుగు తప్పు ఆప్షన్లకూ నాలుగు వేరువేరు దోషాలున్నాయి, ప్రతి దోషాన్నీ పాసేజీలోని ఒక వాక్యం మీద వేలు పెట్టి చూపించవచ్చు. మంచి ప్రశ్నను ఇలాగే గుర్తుపట్టాలి.

ఇదే పాసేజీ మీద నాసిరకం ప్రశ్నలు ఎలా ఉంటాయో చూడండి. “ఈ కిందివారిలో చెరువులు తవ్వించినట్టు పాసేజీ పేర్కొన్నది ఎవరిని?” అని అడిగి వర్తకులు, వైద్యులు, నటులు, శిల్పులు, కవులు అని ఆప్షన్లు ఇస్తే, పాసేజీ చదవకుండా కంటితో గాలించినా జవాబు దొరుకుతుంది. రెండో రకం ఇంతకన్నా హానికరమైనది. “రచయిత అభిప్రాయం ఏది?” అని అడిగి, ఒక ఆప్షన్‌లో “చరిత్రకారుల వాదనలో బలముంది” అని, మరో ఆప్షన్‌లో “శాసనాలు మొత్తం కథ చెప్పవు” అని ఇస్తారు. రెండూ పాసేజీలో ఉన్నవే. కీలో ఏదో ఒకటి వేసి ఊరుకుంటారు. ఇలాంటి ప్రశ్నలు యాభై చేసిన విద్యార్థికి, జవాబు పాసేజీలో ఉండదు, ప్రశ్న రాసినవాడి మనసులో ఉంటుందన్న నమ్మకం స్థిరపడుతుంది. ఆ నమ్మకంతో పరీక్ష హాల్లోకి వెళ్తే, రెండు ఆప్షన్ల మధ్య ఊగిసలాడినప్పుడు పాసేజీలోకి తిరిగి చూడటానికి బదులు బొమ్మా బొరుసా వేస్తాడు.

కాబట్టి ఏ పుస్తకాన్నైనా, యాప్‌నైనా స్వీకరించే ముందు అరగంట కేటాయించి ఈ పరీక్ష పెట్టండి. మధ్యలోంచి మూడు పాసేజీలు తీసుకోండి, మొదటి అధ్యాయం జోలికి వెళ్లకండి, ఎందుకంటే దాన్ని అందరూ శ్రద్ధగానే తయారు చేస్తారు. ముందుగా పాసేజీని చేత్తో మూసి, ప్రశ్నలూ ఆప్షన్లూ మాత్రమే చదివి జవాబులు గుర్తించండి. ఐదు ఆప్షన్లున్న ప్రశ్నల్లో ఊహతో ఐదింటికి ఒకటి తగలడం సహజం. సగానికి పైగా తగిలాయంటే తప్పు ఆప్షన్లు తమను తామే బయటపెట్టుకుంటున్నాయని అర్థం: ఒప్పు ఆప్షన్ ఒక్కటే పొడుగ్గా, ఆచితూచి రాసినట్టు ఉంటుంది, మిగిలినవి పొట్టిగా మొండిగా ఉంటాయి. తర్వాత పాసేజీ చదివి మళ్లీ చేయండి. కీలో ఇచ్చిన ప్రతి జవాబుకూ ఆధారమైన వాక్యాన్ని, ప్రతి తప్పు ఆప్షన్‌కూ దాని దోషాన్ని మీరే వెతికి రాయండి. ఆ తర్వాతే పుస్తకంలోని వివరణలు తెరవండి. “మూడో వాక్యాన్ని బట్టి జవాబు స్పష్టం” అని ఒక్క ముక్కలో తేల్చేసిన వివరణ వల్ల మీకు ప్రయోజనం లేదు, ఎందుకంటే మీకు కావలసింది మీరు ఎంచుకున్న తప్పు ఆప్షన్ ఎందుకు తప్పన్న సంగతి. మూడు పాసేజీల్లో రెండు చోట్ల కీతో మీరు విభేదించి, మీ వాదన పాసేజీలోంచే చూపగలిగితే, పుస్తకం మూసి పక్కన పెట్టేయండి. ఒక్కచోటే అయితే మీ నోటుపుస్తకంలోని అధికారిక ప్రశ్నతో పోల్చి చూసి, తప్పు మీదో పుస్తకానిదో తేల్చుకోండి. చాలాసార్లు అది మనదే అవుతుంది. ఆ సంగతి ఒప్పుకోవడం కూడా సాధనలో భాగమే.

పాసేజీని కూడా ఒకసారి చూడాలి గానీ దానికి పెద్ద సమయం పట్టదు. మంచి పాసేజీలో ఎక్కడో ఒక మలుపు ఉంటుంది: ఒక భావన, దానికి అభ్యంతరం, ఆ అభ్యంతరానికి ఒక సవరణ. మన నమూనాలో ఐదారు వాక్యాల్లోనే రెండు మలుపులున్నాయి. విజ్ఞాన సర్వస్వంలోంచి ఎత్తి రాసినట్టు సమాచారం వరుసగా పేర్చుకుపోయే పాసేజీ మీద ఎంత తెలివైనవారైనా మంచి ప్రశ్న తయారు చేయలేరు.

నాలుగో మెట్టు: ఇతర పరీక్షల పాత పేపర్లను అరువు తెచ్చుకోండి

అధికారిక సామగ్రి చాలనప్పుడు ప్రైవేటు పుస్తకాల వైపు వెళ్లే ముందు, వృత్తిపరంగా తయారైన ఇతర పరీక్షల ప్రశ్నలను చూడటం మేలని నా అభిప్రాయం. వీటిలో అన్నిటికన్నా దగ్గరి చుట్టం పాత జీఆర్ఈయే. 1990లలో ఈటీఎస్ అప్పటి కాగితపు పరీక్షలు 27 కలిపి ఒక పెద్ద సంపుటంగా వేసింది. ఒక్కో పరీక్షలో రెండు వెర్బల్ సెక్షన్లు, సెక్షన్‌కు 11 పాసేజీ ప్రశ్నలు చొప్పున లెక్కేస్తే దాదాపు ఆరు వందల ప్రశ్నలవుతాయి. అందులోని వ్యతిరేక పదాల, పోలికల ప్రశ్నలు ఇప్పుడు అనవసరం, వాటిని కొట్టేయండి. సరైనవన్నీ గుర్తించమనే రకం అందులో ఉండదు, పాసేజీలు కూడా కొంచెం బిగుతుగా ఉంటాయి. అయినా తప్పు ఆప్షన్ల తయారీలో అదే చేయి కనిపిస్తుంది కాబట్టి మధ్య నెలల రోజువారీ సాధనకు దాన్ని మించినది నాకు తారసపడలేదు.

అమెరికాలో లా కాలేజీల ప్రవేశానికి పెట్టే ఎల్‌శాట్ రెండు విధాలుగా ఉపయోగపడుతుంది. దాని రీడింగ్ సెక్షన్‌లో 35 నిమిషాలకు నాలుగు పొడుగాటి పాసేజీల వరుసలుంటాయి. జీఆర్ఈ పొడుగు పాసేజీ అంటే భయపడేవారికి అది మంచి వ్యాయామం. లాజికల్ రీజనింగ్ సెక్షన్‌లోని చిన్న పేరాలు, వాదనను బలపరిచేది ఏది, బలహీనపరిచేది ఏది, దానిలో దాగిన ఊహ ఏది అని అడుగుతాయి. జీఆర్ఈలోని ఒక్క పేరా వాదనల ప్రశ్నలకు ఇవి దగ్గరగా ఉంటాయి, వాటికన్నా కఠినం కూడా. బిజినెస్ స్కూళ్ల జీమ్యాట్‌లో ఇప్పుడు వెర్బల్ 45 నిమిషాలకు 23 ప్రశ్నలు, అవన్నీ పాసేజీలూ వాదనలే కాబట్టి దాని అధికారిక ప్రశ్నలు కూడా కలిసొస్తాయి.

మన ఐఐఎంల క్యాట్ పేపర్లను చాలామంది ఇందుకోసం తలచుకోరు. ఇటీవలి సంవత్సరాల్లో వెర్బల్ సెక్షన్‌లోని 24 ప్రశ్నల్లో 16 పాసేజీలవే. పరీక్ష అయ్యాక ప్రశ్నలు, కీ విడుదలవుతున్నాయి కాబట్టి ఖర్చు లేకుండా దొరుకుతాయి. అయితే క్యాట్‌లో నాలుగే ఆప్షన్లు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. జీఆర్ఈలో కోత లేదు. క్యాట్ సాధన ఎక్కువగా చేసినవారికి తెలియని ప్రశ్నను వదిలేసే అలవాటు అబ్బుతుంది. జీఆర్ఈలో ఖాళీ వదలడం వల్ల నష్టమే తప్ప లాభం లేదు. ఆ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే క్యాట్ పాసేజీలను నిశ్చింతగా వాడుకోవచ్చు. అమెరికాలో డిగ్రీ ప్రవేశానికి రాసే, 2024 నుంచి అన్నిచోట్లా కంప్యూటర్ మీదికి మారిన శాట్‌లో పాసేజీలు మరీ చిన్నవి, పాసేజీకి ఒకే ప్రశ్న. మొదటి రెండు వారాల్లో చేయి తిరగడానికి తప్ప అంతకుమించి పనికిరాదు.

ఐదో మెట్టు: ఎక్కడ కొనాలి, ఏది వద్దనాలి

కోఠిలోనో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదనో, విజయవాడ లెనిన్ సెంటర్‌లోనో పాత పుస్తకాలు కొనడం తప్పేమీ కాదు. రీడింగ్ పుస్తకానికి పాతబడటమన్నది గణితం కన్నా, పదాల జాబితా కన్నా తక్కువ. కొనేముందు రెండు చూసుకోండి. కీ పేజీలు చిరిగిపోకుండా ఉన్నాయా అన్నది ఒకటి. పాత యజమాని పెన్నుతో జవాబులు గుర్తించాడా అన్నది రెండోది. పెన్సిలైతే చెరిపేసుకోవచ్చు, పెన్నుతో గుర్తించిన పుస్తకం మాత్రం సగం ధరకు కూడా దండగ.

జిరాక్స్ ప్రతుల విషయంలో జాగ్రత్త. నకలు పుస్తకం అమ్మడం చట్టవిరుద్ధమన్నది ఎలాగూ ఉంది. దానికి తోడు సాధన దృష్టితో చూసినా, రెండు పుస్తకాలను కలిపి కుట్టినప్పుడు ఒకదాని కీ మరొకదాని వెనక చేరడం నేను కళ్లారా చూశాను. పై కథలోని నా స్పైరల్ పుస్తకంలోనూ పన్నెండు ప్రశ్నల కీ ఒక అంకె పక్కకు జరిగింది. ఒప్పు రాసి తప్పనుకుని, ఆ తప్పును సమర్థించే కారణం వెతుక్కుంటూ ఒక సాయంత్రం మొత్తం గడిపాను.

టెలిగ్రామ్ గ్రూపుల్లో “నిన్నటి పరీక్షలో వచ్చినవి” అని తిరిగే ప్రశ్నల జోలికి అసలు వెళ్లకండి. పరీక్ష ప్రశ్నలను బయటపెట్టనని అభ్యర్థులు ఒప్పుకునే పరీక్ష రాస్తారు. ఆ షరతు మీరితే స్కోరు రద్దయ్యే ప్రమాదముంది. నైతికతను కాసేపు పక్కన పెట్టినా, ఎవరో గుర్తుతెచ్చుకుని రాసిన పాసేజీలో పోయేది ఖచ్చితంగా ఆ ‘కానీ’, ‘కొందరు’, ‘అవకాశం తక్కువ’ వంటి మాటలే. ప్రశ్న ప్రాణం ఉండేది ఆ మాటల్లోనే.

చాట్‌బాట్‌లతో ప్రశ్నలు తయారు చేయించుకోవడం ఇప్పుడు మామూలైంది. పాసేజీ చక్కగానే వస్తుంది. మూడో మెట్టులో చెప్పిన మూసి చదివే పరీక్ష పెడితే తప్పు ఆప్షన్ల డొల్లతనం తరచు బయటపడుతుంది. నేను వాటిని వేరేవిధంగా వాడమంటాను: నేను ఎంచుకున్న తప్పు ఆప్షన్‌ను సమర్థిస్తూ వాదించమని అడిగి, ఆ వాదనలోని లోపాన్ని పాసేజీ ఆధారంగా నేనే పట్టుకుంటాను.

ఆరో మెట్టు: తెర మీద దొరికేది ఎంచుకోండి

అసలు పరీక్షలో పాసేజీ తెర మీద ఒకవైపు, ప్రశ్న మరోవైపు ఉంటాయి. పొడుగు పాసేజీని జరుపుకుంటూ చదవాలి, దాని మీద గీతలు గీయడానికి వీలుండదు. పుస్తకంలో పెన్సిలుతో గీస్తూ చదివే అలవాటున్నవారికి ఇది మొదట్లో చేయి విరిగినట్టు ఉంటుంది. అందువల్ల చివరి నెలలో సాధనంతా తెర మీదే జరిగేలా సామగ్రి చూసుకోండి. ఫోను మీద మాత్రం వద్దు, ఆ తెర మీద వాక్యం ముక్కలై పేరా ఆకారం కనిపించదు. కాగితం పుస్తకమే ఉంటే, గీతలు గీయకుండా పక్కన వేరే కాగితం మీద పేరాకు నాలుగైదు మాటల్లో గుర్తు రాసుకోవడం అలవాటు చేసుకోండి.

ఏడో మెట్టు: ప్రశ్నలు లేని చదువు ఎవరికి, ఎంత

దినపత్రిక సంపాదకీయం రోజూ చదవమని ప్రతి కోచింగ్ సెంటర్‌లోనూ చెబుతారు. ఇంగ్లీషు చదవడమే అలవాటు లేనివారికి అది మంచి సలహా. జీఆర్ఈ పాసేజీకి మాత్రం అది దగ్గరి నమూనా కాదు. సంపాదకీయం నిన్నటి వార్త పాఠకుడికి తెలుసుననుకుని, ఒక వైపు నిలబడి రాస్తుంది. జీఆర్ఈ పాసేజీ ఏమీ తెలియని పాఠకుడికి ఒక విద్వాంసుల తగాదాను తటస్థంగా పరిచయం చేస్తుంది. ఆ ధోరణి కావాలంటే సైంటిఫిక్ అమెరికన్, స్మిత్‌సోనియన్, ఈయాన్ (Aeon), జేస్టోర్ (JSTOR) డైలీ వంటి ఇంగ్లీషు పత్రికల్లో, వెబ్‌సైట్లలో సామాన్య పాఠకులకోసం రాసే శాస్త్ర, చరిత్ర, కళా వ్యాసాలు నయం. ఒక వ్యాసం చదివాక, రచయిత ఎవరి వాదనను చెబుతున్నాడు, ఎక్కడ ఒప్పుకున్నాడు, ఎక్కడ మెలిక పెట్టాడు అని మూడు వాక్యాల్లో తెలుగులోనే రాసుకోండి. సొంత భాషలో చెప్పలేకపోతే అర్థం కాలేదన్నమాటే.

డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలో చదివినవారు మొదటి నెలలో సగం సమయాన్ని ఇలాంటి చదువుకే ఇవ్వవచ్చు. వీరికి మాట అర్థం కాకపోవడం కన్నా, నాలుగు వరుసల వాక్యంలో కర్త ఎక్కడ, క్రియ ఎక్కడ అన్నదే ఎక్కువ ఇబ్బంది. తెలుగులో క్రియ వాక్యం చివర దొరుకుతుంది, ఇంగ్లీషులో కర్తకూ క్రియకూ నడుమ రెండు వరుసల విశేషణ వాక్యం దూరుతుంది. ఆ నడుమ భాగాన్ని బ్రాకెట్లో పెట్టి, మిగిలినదాన్ని మొదట చదవడం సాధన చేస్తే ఒక నెలలో తేడా తెలుస్తుంది. కార్పొరేట్ కాలేజీల్లో, ఇంజినీరింగ్‌లో ఇంగ్లీషు మాధ్యమంలో చదివినవారికి ఈ ఇబ్బంది తక్కువ గానీ, వారిలోనూ కథలూ వ్యాసాలూ చదివే అలవాటు లేనివారికి సాహిత్య విమర్శ పాసేజీ కొరుకుడు పడదు. ఏ రంగంలో తప్పులు ఎక్కువ వస్తున్నాయో లెక్క తీసి, వ్యాసాలు ఆ రంగంలోంచే ఎంచుకోండి.

ఎనిమిదో మెట్టు: నెలకోసారి అల్మారా సర్దండి

ఎంచుకున్న సామగ్రి పరీక్ష రోజు వరకు అలాగే ఉండనక్కరలేదు. మీ తప్పుల నోటుపుస్తకంలో ప్రతి తప్పు పక్కనా రెండు విషయాలు రాస్తూ రండి: ఏ పుస్తకంలోని ప్రశ్న, ఏ రకం దోషంలో పడ్డారు. అతిగా చెప్పిన ఆప్షనా, పాసేజీలో లేనిదా, సగం నిజమా, తలకిందులా అని నాలుగు గుర్తులు చాలు. నెల చివర చూసుకుంటే రెండు రకాల పుస్తకాలు బయటపడతాయి. ఒకదానిలో మీ తప్పులు ఈ నాలుగు గుర్తుల కిందికి చక్కగా సర్దుకుంటాయి, ఏ గుర్తు కింద ఎక్కువ ఉన్నాయో కనిపిస్తుంది కాబట్టి వచ్చే నెల దేని మీద పని చేయాలో తెలుస్తుంది. మరోదానిలో తప్పుల పక్కన “ఎందుకో తెలియదు”, “రెండూ ఒప్పే అనిపించింది” అని రాసుకుని ఉంటారు. అధికారిక ప్రశ్నల దగ్గర అలా రాయవలసి రాకుండా, ఈ పుస్తకం దగ్గరే పదేపదే రాశారంటే లోపం పుస్తకానిది. ఎంత డబ్బు పెట్టి కొన్నా, ఇంకా ఎన్ని పాసేజీలు మిగిలినా, దాన్ని తమ్ముడికి కూడా ఇవ్వకుండా ఆ రోజే అటక మీద పెట్టేయండి.

మిగిలిన పుస్తకాలు రెండో మూడో అయినా కంగారు పడవద్దు. రోజుకు మూడు పాసేజీలు చేసి, ప్రతిదాని తప్పు ఆప్షన్లనూ విప్పి చూస్తే గంటన్నర పడుతుంది. ఆ లెక్కన నాలుగో మెట్టులో చెప్పిన పాత జీఆర్ఈ సంపుటంలోని 108 పాసేజీలకే 36 రోజులు కావాలి.